పక్కపక్కనే కూర్చుని మెసేజ్‌లు పెట్టుకుంటున్నారు.. గ్రూప్ వర్క్‌లో ఫోన్లు ఉంచాలా, తీసేయాలా?

సైన్స్ పిరియడ్
నిన్న క్లాసులో జరిగింది చెప్తాను, ఎవరికైనా ఇలా అయ్యిందేమో చెప్పండి. తొమ్మిదో తరగతి, 28 మంది, నలుగురేసి చొప్పున ఏడు గ్రూపులు. కిరణజన్య సంయోగక్రియ పాఠం. అందరి దగ్గరా ఫోనో ట్యాబో ఉంది కదా అని గ్రూపుకో షేర్డ్ డాక్యుమెంట్ తెరిచి ఇచ్చి వెలుతురు గురించి ఒకరు, పత్రహరితం ఒకరు, కార్బన్ డయాక్సైడ్ ఒకరు, నీళ్ళు ఒకరు, మాట్లాడుకుంటూ రాయండి అన్నాను. పది నిమిషాలయ్యేసరికి క్లాసంతా నిశ్శబ్దం. బుద్ధిగా చేసుకుంటున్నారని ముందు సంతోషమేసింది. దగ్గరికెళ్ళి చూస్తే అందరి తలలూ కిందికే, ఒక గ్రూపులో ఎర్ర కర్సర్ వచ్చి నీలం కర్సర్ రాసిన వాక్యం మొత్తం చెరిపేసింది, ఆ ఇద్దరి మోచేతులూ ఒకదానికొకటి తగులుతున్నాయి, ఒక్కరూ తలెత్తలేదు. చెరిపించుకున్న అమ్మాయి పక్కనే ఉన్నవాడికి "ఎందుకు తీశావ్" అని చాట్‌లో టైప్ చేసింది!! నోటితో అడగొచ్చు కదా తల్లీ.

రాసింది మాత్రం బాగానే ఉంది. చివర్లో పత్రహరితం రాసిన అబ్బాయిని మరి కార్బన్ డయాక్సైడ్ లేకపోతే ఏమవుతుంది నాన్నా అంటే "అది నా పార్ట్ కాదు మేడం" అన్నాడు. రాత్రంతా ఆ మాటే తిరిగింది నా బుర్రలో. ఫోన్లు తీసేసి మళ్ళీ చార్టులూ స్కెచ్ పెన్నులకి వెళ్ళిపోవాలా?

ముక్కుసూటి
తీసేయండి. ఇందులో ఆలోచించడానికేముంది.

నాలుగో బెంచి
మేడం తప్పుగా అనుకోకండి, దీంట్లో ఫోన్ తప్పు కన్నా పని పంచిన పద్ధతి తప్పే ఎక్కువ. మీరే నాలుగు ముక్కలు చేసి నలుగురికి పంచారు, ఎవడి ముక్క వాడు చేశాడు, ఇంక మాట్లాడుకోవాల్సిన అవసరం వాళ్ళకేముంది? మా రోజుల్లో చార్టుల మీద కూడా ఇదే జరిగేది. చేతిరాత బాగున్న అమ్మాయి రాసేది, బొమ్మలొచ్చినవాడు బొమ్మలేసేవాడు, మిగతా ఇద్దరం స్కేలు పట్టుకుని బార్డర్ గీసేవాళ్ళం. నేను మూడేళ్ళు బార్డర్లే గీశాను. ఫోన్ లేదుగా అప్పుడు.

ముక్కుసూటి
బార్డర్ గీస్తూ అయినా పక్కవాడితో మాట్లాడారుగా, అది లెక్కలోకి రాదా. 2012లో ఒక ప్రయోగం చేశారు, తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడుకోమని, కొందరి దగ్గర్లో ఫోన్, కొందరి దగ్గర్లో ఫోన్‌కి బదులు నోట్‌బుక్ పెట్టారు. ఫోన్ ఎవరిదీ కాదు, మోగలేదు, ఊరికే టేబుల్ మీద ఉందంతే. అయినా దాని దగ్గర కూర్చున్నవాళ్ళు ఎదుటి మనిషి మీద నమ్మకం, దగ్గరితనం తక్కువగా అనిపించిందని చెప్పారు. ఊరికే ఉంటేనే అలా ఉంటే చేతిలో ఉంటే?

డేటా చూసి మాట్లాడు
ఆ ప్రయోగం గురించి నేనూ చదివాను కానీ అక్కడితో ఆగిపోకండి. 2017లో ఇంకోటొచ్చింది, ఫోన్ బల్ల మీద ఉంటే జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు తగ్గుతాయని, పక్కగదిలో ఉంటే బాగుంటాయని. తర్వాత వేరేవాళ్ళు అవే ప్రయోగాలు మళ్ళీ చేసినప్పుడు కొందరికి వచ్చింది కొందరికి రాలేదు, కాబట్టి అది తేలిపోయిన విషయం కాదు. పైగా అక్కడ ఫోన్‌కి పనేం లేదు, పక్కన పడుంది. మేడం క్లాసులో ఫోనే పని. రెండూ ఒకటి కాదు.

కోడ్ రాసే మనిషి
నేను చదువుల యాప్‌లు చేసే చోట పనిచేస్తాను, నాలుగో బెంచి చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కలిసి చదవడం మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ రెండింటినీ విడదీసే చూస్తారు. పని పంచుకుని చివర్లో అతికించడం ఒకటి, ఒకే సమస్య మీద అందరూ ఒకే అర్థానికి రావడానికి ప్రయత్నించడం ఇంకొకటి. రోషెల్, టీస్లీ అనే ఇద్దరు 1995లో ఈ రెండోదాన్నే కలిసి నేర్చుకోవడం అన్నారు. ఎవరో ఒకరు "ఆగు, నాకర్థం కాలేదు, అంటే నువ్వనేది ఇదా?" అంటారు చూడండి, నేర్చుకోవడం జరిగేది అక్కడే. షేర్డ్ డాక్యుమెంట్ ఆ మాట అడగాల్సిన అవసరం లేకుండా చేసేస్తుంది. నచ్చకపోతే చెరిపేస్తే అయిపోయె.

సైన్స్ పిరియడ్
"ఆగు, నాకర్థం కాలేదు" అన్న మాట నిన్న ఒక్కసారి కూడా వినపడలేదు నాకు. ఇప్పుడు తట్టింది.

తక్కువ మాటలు
నేను స్టూడెంట్‌ని, డిగ్రీ రెండో సంవత్సరం. ఇందాకటి నుంచి చదువుతున్నా, అందరూ నోటితో మాట్లాడితేనే మాట్లాడినట్టు అన్నట్టు రాస్తున్నారు. నాకు నత్తి ఉంది. స్కూల్లో గ్రూప్ డిస్కషన్ అంటే నాకు కడుపులో తిప్పేది, ఒక మాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే మిగతా ముగ్గురూ జాలిగా ఆ వాక్యం వాళ్ళే పూర్తి చేసేసేవాళ్ళు, నేను చెప్పాలనుకున్నది అది కాదు కానీ సరే అని తలూపేసేవాడిని. ఇంటర్‌లో ఒక సార్ గ్రూప్ చాట్‌లో చర్చ పెట్టారు, మొదటిసారి నా మాట చివరిదాకా నేనే చెప్పాను. లెక్కలో మొదటి స్టెప్పే తప్పు అని రాస్తే ఒక అమ్మాయి "అవును రా, మనం సైన్ మార్చలేదు" అని రిప్లై ఇచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ ఉంది నా దగ్గర. మేడం గారూ, చాట్‌లో "ఎందుకు తీశావ్" అని అడిగిన అమ్మాయి కనీసం అడిగింది, చాట్ లేకపోతే అసలు అడిగేదో లేదో చూడండి.

సైన్స్ పిరియడ్
బాబూ, నిజంగా నేనిలా ఆలోచించలేదు. ఆ అమ్మాయి క్లాసులో చాలా తక్కువ మాట్లాడుతుంది. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

ముక్కుసూటి
తమ్ముడూ నీ విషయంలో నేనేం అనలేను, అది నిజం. నేను అన్నది ఆ ఆసరా అక్కర్లేని పిల్లల గురించి, వాళ్ళు కూడా నోరు మూసేసుకుంటున్నారని.

చిన్నోడి నాన్న
ఇంట్లో వైపు నుంచి కూడా చూడండి సార్. మావాడి ప్రాజెక్ట్ గ్రూప్ చాట్ ఒకరోజు రాత్రి పక్కన కూర్చుని చదివాను, వాడే చూపించాడు ఏడుస్తూ. 140 మెసేజ్‌లు ఉన్నాయి, అందులో పాఠం గురించి ఐదో ఆరో. మిగతావన్నీ మూడో స్లైడ్ ఎవరు చేస్తారు, నువ్వు చెయ్యి, నేనెందుకు చెయ్యాలి, స్టిక్కర్లు, మళ్ళీ స్టిక్కర్లు. మావాడు రాత్రి ఎనిమిదింటికి ఒక డౌట్ అడిగాడు, అందరూ చూసినట్టు బ్లూ టిక్కులున్నాయి, ఒక్కళ్ళూ జవాబివ్వలేదు. పదింటికి మళ్ళీ అడిగాడు. పది దాటాక ఎవరో కొత్త గ్రూప్ పెట్టుకున్నారు, వీడు లేకుండా. క్లాసులో అయితే ముఖం చూసి అయినా ఎవరో ఒకరు ఏంట్రా అనేవాళ్ళు. వాడు అడిగిన డౌట్ ఏంటో తెలుసా, శాతాన్ని భిన్నంగా ఎలా మార్చాలి అని. అంతే.

తక్కువ మాటలు
అంకుల్, బ్లూ టిక్కులు చూసి జవాబు రాకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎదురుగా ఉంటే కనీసం వినపడలేదేమో అనుకోవచ్చు, అక్కడ ఆ వీలు కూడా లేదు. మీవాడిని నాకు పర్సనల్‌గా మెసేజ్ పెట్టమనండి, శాతాలు నేను చెప్తాను.

చిన్నోడి నాన్న
ఆ డౌట్ ఆ రాత్రే తీర్చేశాను బాబూ, కానీ నీ మాట వాడికి చదివి వినిపించాను. చాలా సంతోషపడ్డాడు.

బ్యాక్‌బెంచి
మా క్లాసుల గూడ ఇట్లనే ఉండేది. ఆరుగురి గ్రూప్ ఏస్తరు, ఒక్కడు చేస్తడు, ఐదుగురు పేర్లు రాపిచ్చుకుంటరు. ఫోన్ ఉన్నా లేకున్నా అదే కథ.

డేటా చూసి మాట్లాడు
బ్యాక్‌బెంచి బ్రో, దీని మీద పాత ప్రయోగమే ఉంది. వందేళ్ళ కిందట రింగెల్‌మన్ అని ఫ్రాన్స్‌లో ఒకాయన తాడు లాగించి చూశాడు, మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. 1979లో అమెరికాలో లటానే అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు చప్పట్లు కొట్టించి, కేకలు పెట్టించి కొలిచారు, అక్కడా అంతే, పక్కన జనం ఉన్నారనుకుంటే ఎవరి గొంతు వాళ్ళు తగ్గించేశారు. కానీ తర్వాతి ప్రయోగాల్లో, ఎవరి గోల ఎంతో విడిగా కొలుస్తామని తెలిస్తే మాత్రం తగ్గించట్లేదు. కాబట్టి ఆరుగురు వద్దు, ముగ్గురు చాలు, ఎవరి పని ఏంటో కనపడాలి.

నర్సింగ్ ట్యూటర్
మేము గ్రూపుకి ఒక్కటే ఫోన్ ఇచ్చి చూశాం. మొదటివారం ఘోరం. ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే రాజు, మిగతా ఇద్దరూ మెడలు సాచి చూడటం, స్క్రోల్ చెయ్యి ఆగు పైకి పో అనడం, కాసేపటికి విసుగొచ్చి కిటికీలోంచి బయటికి చూడటం. తర్వాత ఒక్క రూల్ పెట్టాం. ఫోన్ పట్టుకున్నవాళ్ళు జవాబు చెప్పకూడదు, మిగతా ఇద్దరూ ఒప్పుకుని చెప్పిందే టైప్ చెయ్యాలి, ప్రతి కేసుకీ ఫోన్ చేతులు మారాలి.

ఒకరోజు కేసు, పేషెంటు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు, ముందేం చూస్తారు అని. ఒకమ్మాయి షుగర్ చూద్దాం అంది, ఇంకోఅమ్మాయి బీపీ అంది, ఫోన్ పట్టుకున్న అమ్మాయికి తెలుసు జవాబు, చెప్పకూడదు, పెదాలు బిగబట్టి కూర్చుంది. చివరికి ఉండబట్టలేక "పడుకున్నప్పుడు ఎంత, నిలబడ్డాక ఎంత, అది అడగండే" అనేసింది. రూల్ తప్పిందే కానీ జవాబు చెప్పలేదు, ప్రశ్న అడిగింది. అప్పుడు మిగతా ఇద్దరూ తెలుసుకున్నారు, బీపీ ఒక్కసారి చూస్తే చాలదు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూసి తేడా పట్టాలని. ఆ మాట నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో, అలా ఎప్పుడూ ఎక్కలేదు.

నాలుగో బెంచి
ఆహా. ఈ రూల్ దాచుకుంటున్నాను మేడం.

పాత లెక్చరర్
ఫిజిక్స్ చెప్పేవాడిని, రిటైరయ్యాను. ఫోన్ చేతిలో ఉంటే మాట చచ్చిపోతుందని నేను ఒప్పుకోను, ఎందుకంటే ఫోన్ వల్లే నా క్లాసులో మాట పుట్టింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఉంది. క్లాసు మధ్యలో ఒక ప్రశ్న వేస్తారు, లెక్క కాదు, ఆలోచించాల్సిన ప్రశ్న. ఎవరికి వారు జవాబు పంపాలి. తర్వాత పక్కవాడికి నీ జవాబు ఎందుకు కరెక్టో చెప్పి ఒప్పించు అంటారు, రెండు మూడు నిమిషాలు. మళ్ళీ ఓటు. ఆ తర్వాతే ప్రొఫెసర్ నోరు విప్పేది. మొదట్లో అట్టముక్కలు, తర్వాత క్లిక్కర్లు అనే చిన్న రిమోట్లు, నా టైముకి ఫోన్లు వచ్చేశాయి.

నేను వేసిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. పైకి విసిరిన బంతి అన్నిటికన్నా ఎత్తులో ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత? సగంమంది పైనే సున్నా అన్నారు. సరే మాట్లాడుకోండి అన్నాను. ఆ రెండు నిమిషాల్లో నా క్లాసు రూములో పుట్టిన గోల ముప్పై ఏళ్ళలో వినలేదు. "ఆగింది కదరా మరి సున్నా కాదా" "ఆగితే అక్కడే ఉండిపోవాలి కదా, కిందికెందుకు వస్తది" అని ఒకడు బల్ల మీద కొట్టి మరీ అడుగుతున్నాడు. వేగం సున్నా, త్వరణం సున్నా కాదు, గురుత్వం ఎక్కడికీ పోలేదు అని నేను చెప్తే రాసుకునేవాళ్ళు. వాడు చెప్పాడు కాబట్టి నమ్మకుండా వాదించారు, వాదించారు కాబట్టి గుర్తుపెట్టుకున్నారు.

బ్యాక్‌బెంచి
సార్ ఒక డౌట్. మా క్లాసుల టాపర్ ఏది నొక్కితే అందరం అదే నొక్కేది. ఇట్ల మాట్లాడమంటే టాపర్ చెప్తడు, మిగతావాళ్ళు వింటరు, మల్లా ఓటేస్తే అందరిది కరెక్టే అయితది. నేర్సుకున్నట్టా అది?

పాత లెక్చరర్
మంచి ప్రశ్న నాయనా. ఇదే ప్రశ్న వేసుకుని కొలరాడో యూనివర్సిటీవాళ్ళు జన్యుశాస్త్రం క్లాసులో పరీక్షించారు, 2009లో అచ్చయింది. రెండో ఓటు అయ్యాక అదే విషయం మీద ఇంకో కొత్త ప్రశ్న ఇచ్చారు, ఈసారి మాట్లాడుకోవడం లేదు, ఎవరికి వారే. ఊరికే టాపర్‌ని కాపీ కొట్టి ఉంటే ఇక్కడ దొరికిపోవాలి కదా. దొరకలేదు, బాగా చేశారు. ఇంకా విశేషం, మొదట్లో ఒక్కడికీ సరైన జవాబు తెలియని గ్రూపుల్లో కూడా మాట్లాడుకున్నాక మెరుగుపడ్డారు. చెప్పేవాడు లేకుండానే తెలుసుకున్నారన్నమాట.

కానీ రెండు జాగ్రత్తలు. మొదటి ఓటు లెక్క స్క్రీన్ మీద చూపించకూడదు, చూపిస్తే మందతో పోతారు. మొదటి ఓటులో సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పినప్పుడే చర్చకి వదలాలి. అంతకన్నా తక్కువైతే చీకట్లో తడుముకుంటారు, ఎక్కువైతే మాట్లాడుకోవడానికేం ఉండదు.

బ్యాక్‌బెంచి
సమజైంది సార్. ఎవరికి వాళ్ళు ముందుగాల ఒక జవాబు మీద నిలబడాలె, అప్పుడే కొట్లాడనీకి ఏమన్న ఉంటది.

ముక్కుసూటి
అయినా అట్టముక్కలతో జరిగిన పనేగా ఇది. ఫోన్ ఎందుకు?

పాత లెక్చరర్
అట్టముక్క ఎత్తితే పక్కవాడికి కనపడుతుంది. ఫోన్‌లో ఓటు నాకు తప్ప ఎవరికీ కనపడదు. తప్పు చెప్పినా పరువు పోదు. చిన్న తేడాలా ఉంటుంది కానీ వెనక బెంచీ ఓట్లు నాకు మొదటిసారి కనపడింది అప్పుడే.

కోడ్ రాసే మనిషి
ఫోన్ లేకుండా కుదరని పని ఒకటి చెప్తాను. చిలీ దేశంలో శాంటియాగోలో గుస్తావో జురిటా, మిగెల్ నుస్‌బామ్ అని ఇద్దరు ఆరేడేళ్ళ పిల్లలతో చేశారు, 2004లో రాశారు. స్మార్ట్‌ఫోన్లు రాకముందు, చేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు అవి, వైర్లు లేకుండా ఒకదానికొకటి కనెక్ట్ అయ్యేవి. ముగ్గురు పిల్లలు, ముగ్గురి స్క్రీన్ల మీదా తలా ఒక అక్షరఖండం. ముగ్గురివీ కలిస్తేనే మాట వస్తుంది. ఎవరి ముక్క ఎక్కడ పెట్టాలో ముగ్గురూ మాట్లాడుకుని తేల్చుకోవాలి, ఒప్పుకోకపోతే ముందుకెళ్ళదు. వాళ్ళది స్పానిష్. మనకైతే ఒకడి దగ్గర "క", ఒకడి దగ్గర "మ", ఇంకొకడి దగ్గర "లం" అనుకోండి. "లం" ఉన్నవాడు మొండికేసి నేనే ముందు అంటే మిగతా ఇద్దరూ వాడికి నచ్చజెప్పాలి, చదివి వినిపించాలి, "లంకమ అంటే ఏంట్రా" అని అడగాలి. స్క్రీన్ మాట్లాడుకోవడానికి అడ్డం రాలేదు, స్క్రీనే వాళ్ళని మాట్లాడించింది.

నాలుగో బెంచి
అన్నా ఆ అక్షరాలు మార్చండి దయచేసి. "క" పట్టుకున్నవాడు బాత్రూమ్‌కి వెళ్ళాడంటే మిగతా ఇద్దరూ కలిపి చదివి పిరియడ్ అంతా నవ్వుతారు 😂

బ్యాక్‌బెంచి
😂😂 జిందగీల మర్సిపోరు గదా ఆ పాఠం

నర్సింగ్ ట్యూటర్
హహ, నవ్వితే నవ్వారు, కలిసే నవ్వారుగా.

డేటా చూసి మాట్లాడు
చిలీ ప్రయోగంలో నాకు నచ్చింది ఏంటంటే ముందు వాళ్ళు ఇదే పని మామూలు అట్టలతో చేయించి చూశారు. పిల్లలు ఎవరి వంతో మర్చిపోవడం, ఒకడే అన్నీ లాక్కోవడం, టీచర్ వచ్చేదాకా తప్పో ఒప్పో తెలియకపోవడం, ఇవన్నీ గమనించి ఆ ఇబ్బందులు తగ్గించడానికే పరికరాలు పెట్టారు. మనం పరికరం ముందు కొని పని తర్వాత వెతుక్కుంటాం.

ఇంకోటి, అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో 1990ల చివర్లో పిల్లల మెడలో చిన్న ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు వేసి వైరస్ ఆట ఆడించారు. ఎదురెదురుగా నిలబడితే బ్యాడ్జీలు రెండూ మాట్లాడుకుంటాయి, కొన్ని ఎర్రగా వెలుగుతాయి, జబ్బు అంటిందన్నమాట. ఎవరి నుంచి ఎవరికి అంటింది, ఎవరికి అంటట్లేదు, ఎందుకు అంటట్లేదు అన్నది ఏ స్క్రీన్ మీదా ఉండదు, గదిలో తిరిగి ఒకరినొకరు అడిగి తెలుసుకోవాల్సిందే. ఇంగ్లండ్‌లో అడవిలోకి తీసుకెళ్ళి ఇద్దరిద్దరు పిల్లలకి వెలుతురు, తేమ కొలిచే పరికరం ఇచ్చి వదిలినప్పుడు కూడా అంతే, రీడింగ్ రాగానే ఇంకా చీకటిగా ఎక్కడుంటుందో, ఇంకా తడిగా ఎక్కడుంటుందో వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. స్క్రీన్ చూసేది ఒక్క క్షణం, మిగతా టైమంతా చుట్టూ ఉన్న చెట్లూ, పక్కనున్న మనిషీ.

ముక్కుసూటి
ఇవన్నీ బాగున్నాయి, నిజంగా బాగున్నాయి. కానీ ఒక్కటి గమనించండి, మీరు చెప్పిన బ్యాడ్జీలూ చేతి కంప్యూటర్లూ ఏవీ మన ఫోన్లు కావు. వాటిలో నోటిఫికేషన్ రాదు, రీల్స్ లేవు. మన పిల్లల చేతిలో ఉన్నది వేరే జంతువు. "లం" పెట్టే లోపు పైనుంచి ఒక నోటిఫికేషన్ జారుతుంది, వేలు అటు పోతుంది, అయిపోయింది.

కోడ్ రాసే మనిషి
దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. మేం యాప్ చేసేటప్పుడు కూడా కావలసిన ఫైళ్ళు ముందే దింపేసి ఏరోప్లేన్ మోడ్‌లో నడిచేలా చెయ్యమని పోట్లాడేది అందుకే. నెట్ లేకపోతే సగం జంజాటం పోతుంది.

చిన్నోడి నాన్న
ఫోన్ లేని పిల్లాడి గురించి కూడా చెప్పండి ఎవరైనా. తలా ఒక ఫోన్ అంటే వాడు ఏం చెయ్యాలి, చెయ్యెత్తి నా దగ్గర లేదు అని అందరి ముందూ చెప్పాలా?

నర్సింగ్ ట్యూటర్
అందుకే మేం గ్రూపుకి ఒకటి అన్నది. అందరి ఫోన్లూ బ్యాగుల్లో ఉంటాయి, ఎవరికుందో లేదో ఎవరికీ తెలియదు. స్కూలు ట్యాబ్‌లు ఉంటే ఇంకా మంచిది, ఎవరి సొంతమూ కాదు కాబట్టి నోటిఫికేషన్ గొడవ కూడా ఉండదు.

సైన్స్ పిరియడ్
రెండు వారాలు కనపడలేదు, మన్నించాలి, మీరు చెప్పినవన్నీ కలిపి ఒకటి తయారుచేసి నాలుగుసార్లు చేయించి చూశాను. ఓపిగ్గా చదవండి, కొంచెం పెద్దగా ఉంటుంది.

ల్యాబ్‌లో హైడ్రిల్లా మొక్క కొమ్మ నీళ్ళలో పెట్టి, దీపం మూడు దూరాల్లో, అంటే 40, 20, 10 సెంటీమీటర్లలో పెట్టి మూడు వీడియోలు తీశాను, ఒక్కోటి నిమిషం. కొమ్మ నుంచి ఆక్సిజన్ బుడగలు పైకి వస్తుంటాయి, అవి లెక్కపెట్టాలి. మూడు స్కూలు ట్యాబ్‌లలో తలా ఒక వీడియో వేసి నెట్ ఆపేశాను. ముగ్గురేసి గ్రూపు, మిగిలిపోయిన ఒక్క అమ్మాయిని ఒక గ్రూపులో నాలుగో మనిషిగా కలిపాను. ట్యాబ్‌లు తొమ్మిదే ఉన్నాయి కాబట్టి ఒకేసారి మూడు గ్రూపులే, మిగతావాళ్ళు ఆ టైములో ల్యాబ్ బొమ్మలు గీశారు. దీపం దగ్గరైతే బుడగలు ఎక్కువొస్తాయా తక్కువొస్తాయా, ఎందుకు అని ముందు రెండు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాలి, ఎవరికీ చూపించకూడదు. ఇది తక్కువ మాటలు బాబు కోసం, లెక్చరర్ గారి మొదటి ఓటు కూడా ఇదే. తర్వాత ఎవరి వీడియో వాళ్ళు లెక్కపెట్టి నోటితో చెప్పుకోవాలి, స్క్రీన్ చూపించకూడదు అన్నాను.

మొదటి గ్రూపులో 40 సెంటీమీటర్ల వీడియో ఉన్నవాడు 17 అన్నాడు. 20 ఉన్న అమ్మాయి 40 అంది. 10 సెంటీమీటర్లు ఉన్నవాడు 41 అన్నాడు. వెంటనే గొడవ. "దీపం ఇంత దగ్గరికొస్తే 41 ఏంట్రా, 80 రావాలి, సరిగ్గా లెక్కపెట్టు" "నేను సరిగ్గానే పెట్టాను, నువ్వే ఎక్కువ పెట్టావ్". మళ్ళీ లెక్క, ఈసారి 42. ఆ అమ్మాయి నమ్మకుండా వాడి ట్యాబ్ లాక్కుని తనే లెక్కపెట్టింది, వేలితో బల్ల మీద తడుతూ. 41. నా రూలు అక్కడ పోయింది. పోతే పోనీ అని ఊరుకున్నాను. తర్వాత మూడు ట్యాబ్‌లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒకటి రెండు మూడు అని ఒకేసారి ప్లే నొక్కి, ముగ్గురూ తలలు కలిపి చూశారు. మూడు చిన్న స్క్రీన్లు కలిసి ఒక పెద్ద స్క్రీన్ అయ్యాయి. చూపించకూడదు అని నేను పెట్టిన రూలు మొదటి ఐదు నిమిషాలకే పనికొస్తుందని నాకు అర్థమైంది. ఎవరి లెక్క వాళ్ళు చెప్పాక చూపించుకోనివ్వాలి, అసలు మాటలు అక్కడే వస్తున్నాయి.

వెలుతురు పెరిగినా బుడగలు ఎందుకు పెరగలేదు అన్నది తేలాలి కదా. ఒకడు దీపం వేడికి మొక్క అలిసిపోయిందేమో అన్నాడు. అది కూడా మంచి అనుమానమే. అప్పుడు ఇంకోడు, గుర్తున్నాడా "అది నా పార్ట్ కాదు" అన్న పిల్లాడు, వాడే, "నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ అయిపోయిందేమో మేడం, వెలుతురు ఎంతున్నా అది లేకపోతే ఏం చేస్తుంది" అన్నాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు. బోర్డు మీద నేను రాయాల్సిన వాక్యం అది.

అన్ని గ్రూపులూ ఇలా కాలేదు. ఒక గ్రూపులో తెలివైన పిల్లాడు 41 వినగానే "తప్పు, 80 రాసుకోండి" అన్నాడు, మిగతావాళ్ళు రాసుకున్నారు. రెండో రోజు వాడికి 40 సెంటీమీటర్ల వీడియో ఇచ్చి, 10 సెంటీమీటర్లది మెత్తగా ఉండే అమ్మాయికి ఇచ్చాను, అయినా అంతే. దానికి ఇంకా దారి దొరకలేదు.

నాలుగో బెంచి
బల్ల మీద వేలితో తడుతూ లెక్కపెట్టింది అన్నారు చూడండి మేడం, ఆ అమ్మాయి జీవితంలో మర్చిపోదు కిరణజన్య సంయోగక్రియని.

నర్సింగ్ ట్యూటర్
ఆ తెలివైన పిల్లాడికి మా రూల్ పెట్టి చూడండి. రాసే పని వాడికివ్వండి, మిగతావాళ్ళు ఒప్పుకుని చెప్పిందే రాయాలి, వాడు ప్రశ్న మాత్రమే అడగొచ్చు.

సైన్స్ పిరియడ్
అవును కదా! సోమవారం పెడతాను.

తక్కువ మాటలు
మేడం, చాట్‌లో "ఎందుకు తీశావ్" అన్న అమ్మాయి ఏ గ్రూపులో ఉంది? మాట్లాడిందా?

సైన్స్ పిరియడ్
మొదటిసారి మాట్లాడలేదు బాబూ. కానీ తన లెక్క లేకుండా మిగతావాళ్ళు ముందుకెళ్ళలేరు కదా, "నీదెంత" అని వాళ్ళే అడగాల్సొచ్చింది, కాగితం మీద అంకె రాసి చూపించింది. రెండోసారీ అంతే. మూడోసారి పక్కవాడు నీది తప్పు అంటే, తలెత్తి "మళ్ళీ లెక్కపెడదాం, నువ్వూ చూడు" అంది. చిన్న గొంతుతోనే. నేను రెండు బల్లల అవతల ఉన్నాను, విన్నాను.

తక్కువ మాటలు
❤️

ముక్కుసూటి
మేడం నేను మొదట్లో రాసిన మాట ఇప్పుడు రాయను. నెట్ ఆపేసి, స్కూలు ట్యాబ్, తలా ఒక ముక్క, ముందు కాగితం, ఇలా అయితే నాకేం అభ్యంతరం లేదు. పిల్లల సొంత ఫోన్లు మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.

పాత లెక్చరర్
కార్బన్ డయాక్సైడ్ అనుమానం వచ్చిందిగా, దాన్ని వదలకండమ్మా. మొక్కకి కార్బన్ డయాక్సైడ్ అందేలా నీళ్ళలో చిటికెడు బేకింగ్ సోడా కలిపి అదే 10 సెంటీమీటర్ల దగ్గర ఇంకో వీడియో తీయండి. ఆ పిల్లాడు చెప్పింది నిజమైతే బుడగలు పెరగాలి. వేడి అనుమానం వచ్చినవాడి కోసం దీపానికీ మొక్కకీ మధ్య ఒక గాజు గిన్నెలో నీళ్ళు పెట్టండి, వెలుతురు వస్తుంది, వేడి చాలావరకు ఆగిపోతుంది.

సైన్స్ పిరియడ్
శుక్రవారం తీస్తాను సార్, రెండూ. వీడియోలు ఇక్కడే పెడతాను, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండి.

కోడ్ రాసే మనిషి
పెట్టేటప్పుడు ఫైల్ పేరులో సోడా, గాజు గిన్నె అని రాయకండి మేడం. ఒకటి, రెండు, మూడు అని పెట్టండి చాలు. ఏది ఏదో పిల్లలే ఒకరినొకరు అడిగి తేల్చుకోవాలి.